కింద మనుషులున్నారు

మా ఊళ్లో నీళ్లు తోడేవాళ్లు. మాది చోడవరం దగ్గర ఒక పల్లె. చెరకు తోటకైనా, వంకాయ మడికైనా నీళ్లు నూతిలోంచి పైకి రావాల్సిందే. మొదట్లో ఏతం, ఆ తర్వాత డబడబమనే ఆయిలింజను, నాకు ఊహ తెలిసేసరికి కొందరికి కరెంటు మోటార్లు. పని మాత్రం ఒకటే, కింద ఉన్నదాన్ని పైకి లాగడం. అందుకే మా పెద్దవాళ్ల నీళ్ల కబుర్లన్నీ లోతు చుట్టూ తిరిగేవి. ఎన్ని బారల్లో నీరు పడింది, ఈ ఏడు ఎన్ని బారలు దిగిపోయింది, పక్కచేనువాడు ఎంత లోతు తవ్వించాడు, ఇవే.

కొండ మీద నీళ్లు "తిప్పుతారు". ఆ మాట నేను మొదటిసారి విన్నది 1986లో. నాన్నగారికి అనంతగిరి కొండల్లో ఒక చిన్న బడికి బదిలీ అయింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. కిరండూల్ పాసింజరు ఎక్కి బొర్రాలో దిగాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడం కోసం 1960ల్లో వేసిన దారి అది. ఒక సొరంగం దాటామో లేదో ఇంకో సొరంగం. ప్రతి సొరంగం మొగదలా రాతిగోడ వెంబడి నీరు కారుతూనే ఉంది. వానలు వెలిసి చాలా రోజులైంది. అయినా కారుతూనే ఉంది. మా అమ్మ కిటికీలోంచి చూసి, "కొండకి చెమటలు పడుతున్నాయిరా" అంది. స్టేషన్ నుంచి సామాన్లు కావిళ్ల మీద, మేం కాలినడకన.

మర్నాడు పొద్దున్నే పక్కింటి తాత వచ్చి, "మేస్టారూ, నీరు తిప్పేసొస్తాను, ఆనక మాటాడుకుందుం" అని నాన్నగారితో చెప్పి వెళ్లాడు. నేను వెనకే పరుగెత్తాను, ఇంజను చూద్దామని. ఇంజనూ లేదు, నుయ్యీ లేదు. వాలు మీద జానెడు వెడల్పు పిల్లకాలువ ఒకటి పోతోంది. తాత దాని పక్కన గొంతుక్కూర్చుని, గట్టులోంచి పిడికెడంత రాయి తీశాడు. గడ్డి వేళ్లతో సహా పెళ్లగించిన మట్టిపెళ్ల ఒకటి కాలువకి అడ్డంగా పెట్టి, అరచేత్తో రెండుసార్లు తట్టాడు. అంతే. పోతున్న నీరు ఒక్క క్షణం ఆగి, కాస్త ఉబ్బి, పక్కకి తిరిగి, క్యాబేజీ మడిలోకి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లింది. ఎండుటాకుని ఒకదాన్ని ముందు తోసుకుంటూ వెళ్లింది. ఆ ఆకు మడి చివరికి చేరాక తాత పెళ్ల తీసేసి, రాయి మళ్లీ గట్టులో దూర్చేశాడు. మా ఊళ్లో అదే పనికి ఇద్దరు మనుషులు, నాలుగు లీటర్ల డీజిలు.

మాకు నీరు కింద ఉంటుంది, వాళ్లకి పైన ఉంటుంది. వినడానికి ఇంత చిన్న మాట. కానీ ఈ ఒక్క తేడాతో నీటితో మనిషికుండే లెక్క అంతా మారిపోతుంది. కింద ఉన్న నీళ్లని లాగేవాడికి అది తన నూతిలో నీరు, తన డబ్బుతో, తన కండలతో వచ్చిన నీరు. ఎక్కడా ఆగకుండా పైనుంచి వచ్చే నీటిని ఎవడు నాదంటాడు? అది ఎవరో ఒకరి దగ్గర నుంచే వస్తుంది, ఇంకొకరి దగ్గరికే పోతుంది. మధ్యలో మన మడి.

ఊరికి పైన, పనసచెట్లు దాటాక, ఊట ఉండేది. రెండు పెద్ద బండల సందులోంచి, నాచు పట్టిన వేళ్ల కింద నుంచి, చప్పుడు లేకుండా వచ్చేది. అక్కడ వెదురుని నిలువునా చీల్చి దోనెలా పెట్టారు. దాని చివర నుంచి పడే ధార నా మణికట్టంత లావు. దాహమేస్తే పక్క పొద నుంచి ఒక అడ్డాకు తుంచి, దొప్పలా మడిచి పట్టడమే. ఆ ఆకు వాసన కలిసిన చల్లటి నీళ్ల రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఊట దగ్గర చెప్పులు వేసుకునేవారు కాదు. బండ మీద పసుపు, కుంకం, ఎండిపోయిన పూలు. గంగమ్మ తల్లి. ఊటకి పైనున్న చెట్ల మీద గొడ్డలి పడకూడదు, ఎండుపుల్ల ఏరుకోవాలన్నా ఊరి పెద్దని అడగాలి. పోడు కొట్టేటప్పుడు కూడా ఆ జబ్బ, అంటే ఊట పైనున్న ఆ చెట్ల వాలు, జోలికి పోయేవారు కాదు.

పెద్దయ్యాక ఆంధ్రా యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదివాను. ఆ కొండల్లో ఎక్కువగా ఉండే రాయి పేరు ఖోండలైట్ అని, ఆ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారని మాస్టారు చెప్పిన రోజు నాకు క్లాసులో ఒళ్లు పులకరించింది. ఆ రాయి లక్షల ఏళ్లుగా పైన చివికి, గుల్లబారి, మందపాటి దూది పొరలా అయిపోతుంది. వానాకాలం నీరు అందులోకి ఇంకి, కింద గట్టి రాయి తగిలాక పక్కకి జారుతూ, ఎక్కడో ఒకచోట ఊటగా బయటపడుతుంది. పైన అడవి ఉంటే నీరు ఇంకే తీరిక దొరుకుతుంది, లేకపోతే పైపైనే జారిపోతుంది. గంగమ్మ జబ్బ మీద గొడ్డలి పడకూడదనడంలోని సంగతి నాకు పుస్తకంలో పటం చూశాక గాని తెలియలేదు. తాతకి పటం అక్కర్లేకపోయింది.

ఆ ఊట నుంచి నీరు ఒక వరస ప్రకారం దిగేది. మొదట తాగే నీళ్లు. దోనె దగ్గర బిందె తప్ప ఇంకేదీ ముంచకూడదు. దానికి ఇరవై అడుగుల దిగువన కడుగుడు బండ, గిన్నెలూ బట్టలూ అక్కడ. ఇంకా కిందకి వస్తే పశువులు తాగే గుంట. ఆ తర్వాతే పాదులూ మళ్లూ. తాగే నీళ్లు, కడిగే నీళ్లు, పశువుల నీళ్లు, పాదుల నీళ్లు. ఈ నాలుగు మాటలూ అవ్వ నాకు వేళ్ల మీద లెక్కపెట్టి నేర్పింది. గిన్నెలు బూడిదతోనే తోమాలి, సబ్బు వాడితే కింద మొక్క ఊరుకోదు అనేది. పశువుల గుంట దాటిన నీరు కాస్త పచ్చగా, పేడవాసనతో వచ్చేది. అది పడిన గుమ్మడి తీగకి ఆకు విస్తరంత. ఒకే నీరు నాలుగు పనులు చేసి, ఐదో పనికి గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, దిగిపోయేది. గెడ్డ పక్కన పల్లంలో మెట్లు మెట్లుగా వరి మళ్లు ఉండేవి.

తాత సాగు చేసేది అంతా కలిపి అర ఎకరం కూడా ఉండదేమో. కానీ అది ముప్పై ముక్కలు. కొన్ని మళ్లు మా వసారా అంత. వాలుకి అడ్డంగా రాళ్లు పేర్చి, వెనక మట్టి నింపి చేసినవి. బోదెలు కూడా వాలుకి అడ్డంగానే, అదీ సరిగ్గా మట్టంగా కాదు, నీరు కునుకు తీస్తూ నడిచేంత వాలు. ఆ వాలు ఆయన కంటితోనే చూసేవాడు. ఒకసారి నేను తవ్విన బోదెని చూసి, "పరిగెత్తించేస్తన్నావు, నడిపించాల" అని పూడ్పించి మళ్లీ తవ్వించాడు.

నీళ్లు ఎప్పుడు తిప్పాలో తెలుసుకోవడానికి ఆయన మొక్క వైపు చూసేవాడు కాదు. మొక్క వాడేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. మొదలు దగ్గర వేలు దూర్చి, లోపలి మట్టి చిటికెడు తీసి పిడికిట్లో నొక్కేవాడు. ముద్ద కడితే "ఇంకా ఉంది". రాలిపోతే తిప్పడం. ఒక్కో పైరుకి ఒక్కో మర్యాద. క్యాబేజీకి తలకట్టు వచ్చాక నీరు ఒకే తీరుగా అందాలి. పది రోజులు ఎండగట్టి ఒక్కసారిగా తాగిస్తే గడ్డ టప్పున పగిలిపోతుంది. సంతలో ఎవరూ కొనరు. టమాటా కూడా అంతే. అల్లానికి తడి ఉండాలి కానీ నీరు నిలవకూడదు, నిలిస్తే దుంప కుళ్లు. అందుకని అల్లం ఎత్తు గట్ల మీద వేసి, పచ్చి ఆకు రొట్ట మందంగా కప్పేవారు. ఆ రొట్ట ఎత్తి చూస్తే మండు వేసవిలో కూడా మట్టి నల్లగా, చెమ్మగా, వానపాములతో ఉండేది. "దీనికి దుప్పటి కప్పితే నీరడగదు" అనేది అవ్వ. పుష్యమాసంలో ఆకుల మీద పడే మంచుని కూడా లెక్కలో వేసుకునేవాళ్లు. తెల్లారేసరికి క్యాబేజీ ఆకు గిన్నెలో గుక్కెడు మంచునీళ్లు నిలిచేవి, ఆకుని కొంచెం వంచితే జారి మొదట్లోకి పోయేవి. నేను ఒక్కో ఆకూ వంచుకుంటూ మడి చివరిదాకా వెళ్లేవాణ్ని. అది నా పని అని నాకు నేనే పెట్టుకున్నాను. తాత వద్దనలేదు.

మాఘం వెళ్లేసరికి ఊట సన్నబడేది. మణికట్టంత ధార బొటనవేలంత అయ్యేది. అప్పుడు వంతులు మొదలు. కాగితం లేదు, గడియారం లేదు. పనసచెట్టు నీడ కడుగుడు బండ మీదికి వచ్చేదాకా తాత వంతు, అక్కణ్నుంచి పొద్దు గుంకేదాకా ఆయన తమ్ముడిది, రాత్రంతా కింద మళ్ల అప్పది. అప్పకి మగదిక్కు లేదు. పగలు కూలికి పోతుంది కనుక రాత్రి వంతు ఆమే కోరుకుంది. వంతు ఎవరిదైనా సరే, పెళ్లని కాలువకి పూర్తిగా బిగించేవారు కాదు. పక్కన రెండు వేళ్ల సందు వదలాలి. ఎందుకని అడిగితే తాత ఒక్కటే అనేవాడు, "కింద మనుసులున్నారు బాబూ."

1988లో తాత నాకు రెండు మళ్లు ఇచ్చాడు. నా సొంత క్యాబేజీ. నారు తెచ్చి నాటిందీ నేనే, పురుగులు ఏరిందీ నేనే. మాఘం చివర్లో ఎండ ముదిరింది. నా మళ్లు చివరాఖర్న ఉండటంతో తాత వంతులో నీరు అక్కడిదాకా వచ్చేసరికి నీడ బండెక్కేసేది. నాలుగు రోజులు చూశాను. గడ్డలు నిమ్మకాయంత అయి ఆగిపోయినట్టనిపించింది. ఐదో రాత్రి అమ్మానాన్నా పడుకున్నాక లాంతరు కూడా లేకుండా వెన్నెల్లో వెళ్లాను. పెళ్ల పెట్టాను. నీరు సందులోంచి కిందకి పోతుంటే ఆ సందు కూడా మూసేశాను. పైన ఇంకో పెళ్ల, దానిపైన రాయి. నీరు నా మడిలోకి తిరిగింది. ఆనందంతో వచ్చి పడుకున్నాను. ఒక గంటలో లేచి తీసేద్దామనుకున్నాను. పదకొండేళ్ల పిల్లాడు గంటలో లేస్తాడా.

తెల్లారి వెళ్లేసరికి తాత అక్కడే నుంచున్నాడు. నా మడి నిండిపోయి, పోయే దారి లేక, నీరు గట్టుని కోసుకుంటూ వెళ్లింది. గట్టులో నా నడుమంత గండి. దాని కింద సరిగ్గా అప్ప నారుమడి. టమాటా నారు, ఇంకో వారంలో నాటాల్సింది. ఇప్పుడక్కడ ఎర్ర బురద చార తప్ప ఏమీ లేదు. మొక్కలు దిగువ రాళ్ల దాకా కొట్టుకుపోయి, వేళ్లు తెల్లటి దారాల్లా బయటపెట్టుకుని పడి ఉన్నాయి. అప్ప వంగి ఒక్కొక్కటే ఏరి, బురద దులిపి, అడ్డాకు దొప్పలో పెడుతోంది. నన్ను చూసింది, ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుణ్ననిపించింది. నేనే చేశానని చెప్పాను. నా నోటితోనే చెప్పాను, ఆ ఒక్కటీ ఇప్పటికీ ధైర్యంగా గుర్తుంచుకోగలను.

తాత కొట్టలేదు. తన నారుమడిలో సగం తవ్వి, మట్టితో సహా తట్టలో సర్ది, నా నెత్తిన పెట్టి అప్ప దగ్గరికి పంపించాడు. గట్టు నాతోనే కట్టించాడు. ఆ తర్వాత ఎనిమిది రాత్రులు, నాన్నగారిని అడిగి, అప్ప వంతులో నన్ను ఆమె మళ్ల దగ్గర నుంచోమన్నాడు. పని ఏమీ లేదు. నీరు వచ్చేదాకా చూడటం, అంతే.

మొదటి రాత్రి నాకది శిక్షలాగే ఉంది. కింద నుంచుంటే కాలువ ఖాళీగా ఉంటుంది. పైన ఏం జరుగుతోందో కనిపించదు. పొద్దుగుంకింది, వంతు మారింది, పైన ఎవరో పెళ్ల తీశారని అనుకోవాలి, అంతే. కాలువ అడుగున చెమ్మ తప్ప ఏమీ లేదు. అప్ప కాలువ పక్కనే కూర్చుని అరచేయి దాని అడుగున ఆనించి ఉంచేది. నన్నూ అలా ఉంచమంది. చాలాసేపటికి ఇసుక రేణువులు చేతికింద కదిలాయి. ఆ తర్వాత వేళ్ల మధ్యకి చల్లగా ఒక నాలుకలా వచ్చింది. అప్ప గట్టిగా ఊపిరి వదిలింది. ఆమె అప్పటిదాకా ఊపిరి బిగపట్టి ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆ ఎనిమిది రాత్రుల్లో ఒకరోజు తమ్ముడు తాత పెళ్ల తీయడం మరిచిపోయాడు. మేం ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. అప్ప పైకి వెళ్లి అడగలేదు. "వొస్తాది, ఆలికి తెల్దా" అని ఊరుకుంది. చివరికి వచ్చింది.

రెండు వేళ్ల సందు ఎందుకు వదులుతారో ఆ తర్వాత నేనెవరినీ అడగలేదు.

వేసవి నీటి సంగతి ఇది. వానాకాలం నీరు పూర్తిగా వేరే జీవి. మైదానంవాళ్లకి వాన అంటే సంబరం, చెరువు నిండుతుందని. కొండ మీద కూరగాయలు వేసేవాడు ఆకాశం వైపు భయంతో కూడా చూస్తాడు. కార్తీకంలో బంగాళాఖాతంలో గుండం పడితే ఒక్క రాత్రిలో ఏళ్ల తరబడి పేర్చుకున్న మట్టి పోతుంది. నీరు పోయినందుకు వాళ్లు బాధపడటం నేను చూడలేదు, మట్టి పోతే మాత్రం ఇంట్లో మనిషి పోయినట్టుండేవారు. గెడ్డలో నీరు రంగు చూసి చెప్పేవారు. ఎర్రగా వస్తే పైన ఎవరిదో పోడు కోసుకుపోతోంది. నల్లగా వస్తే అడవి లోపలి ఆకుమట్టి. పేరు పెట్టి మరీ చెప్పేవాడు తాత, ఫలానా గుడిసె వెనక మెట్ట జారిందని. మర్నాడు కనుక్కుంటే నిజమే అయ్యేది.

ఒక తుపాను రాత్రి తలుపు కొట్టి నాన్నగారిని లేపాడు. ఊరంతా లేచింది. గోనెసంచులు కొప్పెరలా కప్పుకుని, గునపాలూ పారలూ పట్టుకుని, అందరూ మళ్ల మీదికి. నీళ్లు ఆపడానికి కాదు, తెరవడానికి. వేసవంతా బొట్టుబొట్టుకీ కాచుకున్న పెళ్లలన్నీ తీసేశారు. గట్ల మూలల్లో దారులు చేశారు. ప్రతి మడి నుంచీ నీరు తొందరపడకుండా కింది మడి రాళ్ల మీదికి, అక్కణ్నుంచి ఇంకో మడి మీదికి దిగేలా మలిచారు. మళ్ల చివర గుంటలు ఉండేవి, మంచమంత పొడవు, మోకాలి లోతు. బురదనీరు ముందు ఆ గుంటలో పడి, మట్టిని అక్కడ దింపి, పైనీరు మాత్రమే గెడ్డలోకి పోవాలి. వేసవిలో ఆ గుంటల్లోని ఒండ్రుని తట్టలకెత్తి మళ్లీ పై మళ్లకే మోసేవాళ్లం. నేనూ మోశాను. తట్ట మోస్తూ వాలెక్కుతుంటే మెడ నరాలు పీకేసేవి. "కిందకి నీరు తీసుకెళ్లిపోద్ది, పైకి మనమే మొయ్యాల" అనేవాడు తాత. కొండ వ్యవసాయం అంతా ఈ ఒక్క మోతేనేమో అనిపిస్తుంది నాకు.

1990లో మేం దిగువకి వచ్చేశాం. ఆ తర్వాత చాలాకాలం ఆ ఊరి కబుర్లు ఎవరో ఒకరి ద్వారా తెలిసేవి. బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో గనుల లీజుల మీద కేసు నడిచిందని, 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిందని పేపర్లో చదివాను. కేసు వేసిన సంస్థ పేరు మీద సమత తీర్పు అని దేశమంతా చెప్పుకునేది అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకీ, ప్రైవేటు కంపెనీలకీ గనుల కోసం లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. పుస్తకాల్లో దాన్ని భూమి తీర్పు అంటారు. నా కళ్లకి మాత్రం ముందు ఊట కనిపించింది. అనంతగిరి కొండల నెత్తిన ఉన్న బాక్సైటు గురించి మాట వచ్చినప్పుడల్లా అక్కడివాళ్లు అడిగే మొదటి ప్రశ్న నష్టపరిహారం ఎంత అని కాదు, నెత్తి తీసేస్తే నీరెక్కడ దాక్కుంటుంది అని. భూగర్భశాస్త్రం చదివినవాడిగా చెబుతున్నాను, అది చాలా సరైన ప్రశ్న.

మళ్లీ వెళ్లింది 2015లో. అంతకుముందు ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదుగా వెళ్లింది. నగరం సంగతి అందరికీ తెలుసు. అనంతగిరి కొండల మీద కాఫీ తోటల్లో నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలుగా పడిపోయి ఇంకా అలాగే ఉన్నాయి. తాత లేడు. అవ్వా లేదు. ఊట పైన గంగమ్మ జబ్బలో పెద్ద చెట్లు సగం కూలిపోయాయి. ధార చూపుడువేలంత ఉంది. అది వేసవి కాదు, అయినా అంతే.

వెదురు దోనె పోయింది. ఊట దగ్గర సిమెంటు తొట్టి, దానికి నల్ల ప్లాస్టిక్ గొట్టం. తాత మనవడు, నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు, నన్ను మళ్లన్నీ తిప్పి చూపించాడు. డ్రిప్పు పెట్టాడు. మోటారు లేకుండా ఎలా అంటే నవ్వి పైకి చూపించాడు. 10 మీటర్ల ఎత్తు తేడా ఉంటే గొట్టంలో దాదాపు ఒక కేజీ ఒత్తిడి వస్తుంది, డ్రిప్పుకి అది చాలు. స్ప్రింక్లర్ తిరగాలంటే దానికి రెట్టింపు ఎత్తు కావాలి. మేం కరెంటు బిల్లు కట్టి తెచ్చుకునే ఒత్తిడి వాళ్లకి కొండ ఊరికే ఇస్తోంది. ఆడవాళ్లు బిందెలు మోయనక్కర్లేదు, ఇంటి ముందే కుళాయి. అవ్వ నెత్తి మీద చుట్టకుదురు వేసిన మచ్చ నేను చూసినవాణ్ని, ఈ గొట్టాన్ని నేను ఒక్క మాట కూడా అనను.

కానీ ఒక్కటి గమనించాను. కాలువలో నీరు అందరికీ కనిపిస్తుంది. ఎంత వస్తోందో, ఎవరు ఎంత తిప్పుకున్నారో దారిన పోయే పిల్లాడికి కూడా తెలుస్తుంది. గొట్టంలో నీరు కనిపించదు. పైవాడు వాల్వు తిప్పితే కిందివాడికి కారణం తెలియదు. అనుమానాలు ఎక్కువయ్యాయని మనవడే చెప్పాడు. రెండిళ్ల మధ్య మాటలు కూడా ఆగిపోయాయట. పాత పిల్లకాలువ గడ్డి పట్టి, అక్కడక్కడా పూడిపోయి ఉంది.

అతని గొట్టం చివరికి నడిచి వెళ్లాం. నా పాత రెండు మళ్లకి కొంచెం కింద. ఆ చివర మూత లేదు. అందులోంచి సన్నగా, పెన్సిలంత, నీరు పాత కాలువలోకి పడుతూనే ఉంది. లీకవుతోందేమో, ఎండ్ క్యాప్ బిగించలేదా అన్నాను. 

"లేదు బాబాయ్, తాత చెప్పాడు."

ఇంకేం మాట్లాడలేదు. ఆ కాలువ ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలుసు. కింద అప్ప మళ్లు. ఇప్పుడు ఆమె కూతురు చేస్తోంది. పచ్చిమిర్చి, బీన్సు.

నేనిప్పుడు విశాఖలో ఉంటున్నాను. ఆ కొండల్లోనే పుట్టి, బొర్రా గుహల కిందుగా పారి, కిందకి దిగే గోస్తనికి అడ్డంగా తాటిపూడి దగ్గర 1960ల్లో రిజర్వాయరు కట్టారు. ఈ నగరం తాగే నీళ్లలో కొంత ఆ తాటిపూడి నుంచే వస్తుంది. మా వీధి కుళాయికి వచ్చేది ఏ రిజర్వాయరు నీరో నేను ఎవరినీ అడగలేదు. తుపాను వెలిసిన రెండు మూడు రోజులకి ఒక్కోసారి కుళాయిలో నీరు కాస్త ఎర్రగా వస్తుంది. మా ఆవిడ గుడ్డ కట్టి పట్టి, బిందెలో తేరనిచ్చి, పైనీరు వంచుతుంది. అడుగున మిగిలే ఆ పల్చటి ఎర్రమట్టిని నేను పారబోయనివ్వను. మేడ మీదికి మోసుకెళ్లి, తులసికోటలో పోసి వస్తాను.